లెక్క సరిపోయిన బస్సు

ఇంజను పక్క మెట్టు దగ్గర మొదలుపెట్టి, మోకాళ్ళ మీద జరుగుతూ, ఒక్కో సీటు కిందికీ చేయి చాపి ఊడ్చుకుంటూ బస్సుపిన్ని అప్పటికే సగం బస్సు దాటేసింది. వంగి ఊడిస్తే నడుం పట్టేస్తుంది, చతికిలబడి ఊడిస్తే చీపురు మూలకి అందదు. అందుకని ఆమె కనిపెట్టుకున్న పద్ధతి ఇది. మోకాళ్ళకి పాత ట్యూబు ముక్కలు కట్టుకుంటుంది. షెడ్డు గేటు దగ్గర కూర్చునే పంక్చరాయన వాటిని కత్తిరించి, చిల్లులు పొడిచి, తాళ్ళు కూడా ఎక్కించి ఇచ్చాడు. అవి అరిగిపోయినప్పుడల్లా అడక్కుండానే కొత్తవి చేసిస్తాడు. ఏనాడూ ఇదిగో ఇంత అని అడిగిన మనిషి కాదు.

ఆమె అసలు పేరేమిటో జీతాలిచ్చే గుమాస్తా కూడా ఒక్క క్షణం తల గోక్కుని గుర్తు చేసుకోవాలి. పొట్టి మనిషి. ముగ్గుబుట్టలాంటి తల, దానికి కట్టిన గుడ్డ. అరచేతుల గీతల్లో ఎన్ని సార్లు కడిగినా పోని దుమ్ము. ఎడమ మోకాలు కుడిదానికంటే కాస్త లావు. నడుస్తుంటే ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ సర్దుకుని, మళ్ళీ ఒరిగి, నీళ్ళ బిందె మోస్తున్నదానిలా ఉంటుంది.

ఆ షెడ్డు విహారయాత్రల బస్సులది. పొద్దున్నే జనాన్ని ఎక్కించుకుపోయి, ఊరి చుట్టుపక్కల చూడదగ్గ చోట్లు చూపించి, దీపాలు వెలిగే వేళకి తెచ్చి దింపే బస్సులు. దూరం పోయే తాహతు లేనివాళ్ళకి, సెలవు దొరకనివాళ్ళకి, పిల్లల పోరు పడలేనివాళ్ళకి. జలపాతం, కొండమీది కోట, పడవల సరస్సు, గుహలు. ఏ బస్సైనా ఈ నాలుగే తిరిగేది. కలిపి తిరగొచ్చు, విడదీసి తిరగొచ్చు, అంతే.

ఆ నాలుగింట్లో ఒక్కదాన్నీ బస్సుపిన్ని కంటితో చూడలేదు. కానీ బస్సు అడుగు చూసి అది ఎక్కడికెళ్ళొచ్చిందో చెప్పేస్తుంది. జలపాతమైతే నల్లటి జిగటమన్ను, మధ్యమధ్య నాచు తునకలు. కోటైతే తెల్లటి సున్నప్పొడి, సీటుగుడ్డని పట్టుకుని వదలని గడ్డిముళ్ళు. సరస్సు ఇసుక సన్నగా బూడిదరంగులో ఉండి, ఎండ తగిలితే తళుక్కుమంటుంది. గుహల సంగతి చూడనే అక్కర్లేదు, తలుపు తీయగానే గబ్బిలాల కంపు.

వెనక వరస దగ్గరపడుతుంటే ఆమె చేయి నెమ్మదిస్తుంది. ఏ బస్సులోనైనా అంతే. వెనక సీటు కింది దుమ్ముని మిగతా కుప్పలో కలపదు. విడిగా పోగు చేసి, చీపురు పక్కన పెట్టి, వేళ్ళతో జల్లెడ పడుతుంది. తలపిన్నులు, గుండీలు, పిల్లల రబ్బరు బొమ్మల కాళ్ళు. ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూసి పక్కన పెడుతుంది. "ఏం వెతుకుతావు పిన్నీ, బంగారమా?" అని డ్రైవర్లు ఏడిపిస్తారు. "దొరికితే నీకు పళ్ళు కట్టిస్తాలేరా" అంటుంది. ఆ తర్వాత అందరూ పోయాక, ఖాళీ బస్సులో, ఆ సీటు మీద ఒక్క నిమిషం చేయి ఆనించి ఉంచుతుంది. కొన్ని రోజులు అది ఎవరో ఇప్పుడే లేచిపోయినట్టు వెచ్చగా ఉంటుంది. ఎండకి అలా ఉంటుందని ఆమెకీ తెలుసు. మబ్బు పట్టిన రోజున కూడా ఎందుకుంటుందో మాత్రం తెలియదు.

మధ్యాహ్నం షెడ్డు వెనక తన గదిలో అన్నం తింటుంటే కూతురు ఫోను చేసింది. రోజూ చేస్తుంది. ఊరికి ఆ చివర ఉంటుంది పిల్ల, మంచి అల్లుడు.

"మోకాలెలా ఉందే అమ్మా?"

"దాని మానాన అది ఉంది."

"ఇంక మానెయ్యరాదూ ఆ ఊడవడం? నీకేం ఖర్మ, నా దగ్గరికొచ్చి కూర్చోక?"

"కూర్చుంటే లేవలేనే" అంది నవ్వుతూ. కూతురు విసుక్కుంది, తిన్నావా అంది, పెట్టేసింది. ఈ పిల్లకి కూడా చెప్పలేదు ఆమె, ఈ షెడ్డులోనే ఎందుకు అంటిపెట్టుకుని ఉందో.

చెల్లి ఒకతి ఉండేది. సంచులు కుట్టే చోట పని చేసేది. ఆ ఏడు పని బాగా సాగిందని యజమాని కుట్టుపనివాళ్ళని ఒక రోజు యాత్రకి పంపాడు, నాలుగు చోట్లూ ఒక్క రోజులో. పొద్దున్నే అక్కే జడ వేసింది. "వదులుగా వేశావు, ఊడిపోతుంది" అని మూతి ముడుచుకుంది చెల్లి. "ఊడితే వచ్చాక మళ్ళీ వేస్తాలే, పో" అంది అక్క. అక్కచెల్లెళ్ళ ఆఖరి మాటలు అవే. ఇంకాస్త మంచి మాట అనుకోవాలని ఎవరికి తెలుస్తుంది?

సాయంత్రం వాన. అక్క గొడుగు పట్టుకుని వీధి మొగలో నిలబడింది. బస్సు ఆగింది. ఒక్కొక్కరే దిగారు, తలల మీద సంచులు కప్పుకుని, నవ్వుకుంటూ. ఆడపిల్ల దిగినప్పుడల్లా మొహంలోకి వంగి చూసింది. చెల్లి దిగలేదు.

డ్రైవరు అదిరిపడ్డాడు. "అదెలాగమ్మా? ప్రతిచోటా తలలు లెక్కపెట్టుకునే బండి కదిలించాను. పొద్దున ఎంతమందో ఇప్పుడూ అంతమందే. లెక్క సరిపోయింది." పేర్లు పిలవడం, చీటీలు చూడడం అప్పుడు లేదు. డ్రైవరు తన సీట్లోంచి వెనక్కి తిరిగి, టార్చి వేసి, తలకాయలు లెక్కపెట్టేవాడు. తోటి కుట్టుపనివాళ్ళూ అదే అన్నారు. "తలనొప్పని పొద్దుటే వెనక సీట్లోకి పోయింది. వచ్చేటప్పుడు ముసుగు తన్ని పడుకునుంది, మేమూ చూశాం." వెనక సీటు మీద చెల్లి శాలువా ఉండనే ఉంది, తడిసి, మడతపెట్టి.

ఇంకేం కావాలి లోకానికి? బస్సులో వచ్చింది, దిగింది, ఎవడితోనో పోయింది. నాన్న రైలుస్టేషను చుట్టూ తిరిగొచ్చాడు. నాలుగు చోట్లకీ ఎవరూ వెళ్ళలేదు. లెక్క సరిపోయాక అక్కడ వెతకడమేమిటి?

"అది దిగలేదమ్మా, నేను చూశాను" అని అక్క ఎంత మొత్తుకున్నా అమ్మ వినలేదు. "నువ్వు చూసింది నీ మొహం. నీ కళ్ళు కప్పి పోయిందది. ఇంక ఈ ఇంట్లో దాని ఊసెత్తితే నా శవాన్ని చూస్తావు." పోయే రోజు వరకూ అమ్మ ఆ మాట మీదే ఉంది.

పదిమందీ పదిసార్లు అంటే ఎవరి కళ్ళ మీద వాళ్ళకే నమ్మకం పోతుంది. గొడుగు అడ్డొచ్చిందా? ఆ ఒక్క క్షణం పక్కకి చూశానా? ఈ అనుమానం ఆమెని లోపల్లోపల తొలిచేసింది. చూడకపోతే చెల్లి తన ముందునుంచే నడిచిపోయింది, ఒక్కసారైనా వెనక్కి చూడకుండా. సరిగ్గానే చూసి ఉంటే, ఆ నాలుగింట్లో ఎక్కడో ఉండిపోయింది. ఈ రెంటిలో ఏదో తేలకుండా చావకూడదని ఆమె పట్టు.

వెళ్ళి చూడొచ్చుగా అంటారేమో. ఒకసారి మొగుడు అన్నాడు. షెడ్డులోనే మెకానిక్కు, ఉన్నన్నాళ్ళూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు పాపం. "పద, నాలుగూ తిరిగొద్దాం, నీ దిగులు తీరుతుంది" అన్నాడు. బయల్దేరుదామని బస్సు మెట్టెక్కగానే ఆమె భళ్ళున వాంతి చేసుకుంది. ఎలా వెళ్తుంది? ఒకచోటికి వెళ్ళి, అక్కడ ఏమీ లేదని తిరిగొస్తే, చెల్లి ఒకచోట తగ్గిపోయినట్టే. వెళ్ళనంతవరకూ చెల్లి నాలుగు చోట్లా ఉంది. ఆ చోట్లే రోజూ ఆమె దగ్గరికి వస్తున్నాయి, చెప్పుల కింద అంటుకుని.

మధ్యాహ్నం వాలాక ఒంటిపూట బస్సు తిరిగొచ్చింది. దాని డ్రైవరు పొడుగాయన, సొంత బస్సులోనే తల వంచుకు నడిచేంత పొడుగు. వస్తూనే గుప్పిట మూసుకుని దిగాడు.

"పిన్నీ, పరీక్ష! కళ్ళు మూసుకో, చెయ్యి చాపు. తొంగిచూశావో, టీ నీ లెక్క."

"మీ అమ్మ ఈడుదాన్ని, నాకు పరీక్షేమిట్రా?"

"మూసుకోవమ్మా తల్లీ."

అరచేతిలో చిటికెడు పొడి పడింది. బొటనవేలితో రాసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "కోట" అంది. పొడుగాయన చప్పట్లు కొట్టబోతుంటే, "ఆగరా" అని మళ్ళీ రాసింది. "కోటే, కానీ సరస్సు ఇసుక కలిపి తెచ్చావు. దొంగవెధవా!"

గేటు దగ్గర పంక్చరాయన పడీపడీ నవ్వాడు. ఆయన తొట్టి నీళ్ళలో ట్యూబు ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నాడు. "చెల్లెమ్మతో పెట్టుకుంటావా నువ్వు? పో, టీ పట్రా."

"ఇదిగో, నవ్వేవాళ్ళకీ పరీక్షే" అన్నాడు పొడుగాయన ఉక్రోషంగా. "పెద్దాయనా, ఊరి చుట్టుపక్కల చూడదగ్గ చోట్లెన్నో చెప్పు."

"ఐదు."

"నాలుగే! పోయింది, పోయింది, టీ నీ లెక్క."

"ఐదోదానికి టికెట్టు లేదులే. నేను పుట్టి పెరిగిన చోటు. మీ బస్సులన్నీ ఊళ్ళోకి వచ్చే ముందు నీళ్ళకి ఆగుతాయి చూడు, పాత ఇటుకబట్టీ. అది చూడదగ్గ చోటు కాదూ? నన్ను కన్నది!" తన మాటకి తనే నవ్వుకున్నాడు. "అసలు నేనీ ఊరొచ్చిందే మీ విహారయాత్ర బస్సులోరా. టికెట్టు లేకుండా."

"అమ్మ ముసలాయనా! ఇన్నాళ్ళూ చెప్పావు కాదే?"

"గొప్పపనా ఏమిటి చెప్పుకోడానికి? ఆ రోజు వాన దంచేస్తోంది. బట్టీ మేస్త్రీ నన్ను గొడ్డుని బాదినట్టు బాదాడు. ఇటుకల చాటున ఏడుస్తూ కూర్చున్నాను. బస్సు ఆగింది. డ్రైవరు ముందు మూతెత్తి ఇంజన్లో నీళ్ళు పోస్తున్నాడు, ఆడవాళ్ళు అటేపు చాటుకి పోయొస్తున్నారు. వెనక తలుపు తీసుంది. ఎక్కేశాను. వెనక సీటు ఖాళీ. దాని మీద ఎవరిదో శాలువా. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి, నెత్తి మీదుగా కప్పుకుని ముడుచుకున్నాను. డ్రైవరు టార్చి వేసి తలలు లెక్కపెట్టాడు. నన్నూ లెక్కేశాడు! 'సరిపోయింది' అని బండి తీశాడు. నేను శాలువాలో ఒకటే నవ్వు. పుట్టి బుద్ధెరిగాక ఒకడు నన్ను మనుషుల లెక్కలో వెయ్యడం అదే మొదలు."

పొడుగాయన కడుపు పట్టుకుని నవ్వుతూ టీకి వెళ్ళాడు. బస్సుపిన్ని చెయ్యి చాచే ఉంది. అరచేతిలో పొడి అలాగే ఉంది.

"ఆ శాలువా ఏ రంగన్నా?"

"ఏమో, గుర్తు... ఆకుపచ్చ. అంచుకి పసుప్పచ్చ దారంతో పక్షులు కుట్టారెవరో. పక్షులో, మిడతలో, ఆ కుట్టినవాళ్ళకే తెలియాలి. దొంగతనం చెయ్యలేదమ్మా, మడతపెట్టి సీటు మీదే వదిలి దిగాను."

మిడతలే. చెల్లి కుట్టిన రోజు అక్క కూడా అలాగే వెక్కిరించింది.

తొట్టిలో ఒక బుడగ లేచి పగిలింది. ఇంకొకటి లేచింది.

"అక్కడ... ఆ చాటున... గుంతలుండేవా?"

"గుంతలు కాక ఏముంటాయి, మట్టి తవ్వే చోట? వానకి నిండితే నేలెక్కడో నీళ్ళెక్కడో తెలిసేది కాదు. మా మేకలు రెండు పోయాయి, తేలను కూడా లేదు. అడుగున బంకమట్టి, పట్టుకుంటే వదిలే రకం కాదు." బుడగ దొరికిన చోట వేలు పెట్టి తలెత్తాడు. "ఎందుకు చెల్లెమ్మా?"

ఆమె ఆయన వేళ్ళకేసి చూసింది. నల్లగా, పగిలి, గోళ్ళ సందుల్లో జిగురు. ఈ చేతులే కదా తన మోకాళ్ళని ఇన్నేళ్ళు కాపాడింది. ఆ రోజు బస్సులోంచి కుర్రవాడొకడు దిగే ఉంటాడు, తన పక్కనుంచే పోయి ఉంటాడు. ఆడపిల్ల మొహాలు తప్ప ఆమె ఏ మొహమూ చూడలేదు. నోటిదాకా వచ్చింది మాట. అన్నదంటే, మనుషుల లెక్కలో పడ్డానని ఈయన మురిసిపోయే ఆ ఒక్క సాయంత్రం ఈయనకి మిగలదు.

"ఊరికే అన్నా" అంది.

చీపురు తీసుకుని బస్సెక్కింది. మెట్టు మీద ఎర్రదుమ్ము. ఏ బస్సు మెట్టు మీదైనా ఉంటుంది, ఏ చోటికెళ్ళొచ్చినా సరే. ఇన్నేళ్ళుగా దాన్ని దారిదుమ్ము కింద కట్టి, ఒక్క విసురుతో బయటికి ఊడ్చేసి, ఆ తర్వాత లోపలికి వచ్చి వెతకడం మొదలుపెట్టేది. వంగింది. వేలితో కాస్త తీసుకుంది. జిగటగా లేదు, మెరుపూ లేదు, వాసనా లేదు. ఇంటికి ఇంత దగ్గరా? కోట కాదు, సరస్సు కాదు. గట్టిగా కేకేస్తే గాలివాటుకి ఊరి పొలిమేరకి వినబడే చోట.

వెనక సీటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. చెయ్యి ఆనించింది. ఈసారి చల్లగా ఉంది.

"నేను సరిగ్గానే చూశానే" అంది సీటుతో. "నువ్వు దిగలేదు."

ఆమె గొంతు ఖాళీ బస్సులో ఆమెకే కొత్తగా వినిపించింది. వెక్కిళ్ళు వచ్చాయి. ఏడుపో, ఊపిరి అందకపోవడమో తెలియలేదు. రొమ్ముని అరచేత్తో నొక్కుకుని అవి తగ్గేదాకా కూర్చుంది.

పొడుగాయన డీజిలు కోసం బస్సు బయటికి తీస్తుంటే గేటు దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది. చేతులూ కాళ్ళూ కడుక్కుంది, ఉతికిన తలగుడ్డ కట్టుకుంది.

"నన్ను ఆ ఇటుకబట్టీ దగ్గర దింపరా. నువ్వటే పోతావుగా."

"పిన్ని బస్సెక్కుతోంది! ఇంక వాన పడ్డట్టే. అక్కడేముంది చూడ్డానికి?"

"ఐదోది చూస్తాను."

"అలాగే, మహారాణీ. టికెట్టు అడగన్లే."

ఆమె వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. వాంతి రాలేదు. రోజూ కింద నుంచి చూసే సీట్ల వరసని పై నుంచి చూడడం చిత్రంగా ఉంది. అందరి తలలూ ఉండాల్సిన చోట ఎవరూ లేరు. టైర్ల కొట్లు, కలప అడితి, గోడ కూలిన గిడ్డంగి దాటాయి. అంతలోనే బస్సు ఆగింది. అంత దగ్గర.

"బంకులో జనం లేకపోతే చిటికెలో వస్తా. ఇక్కడే ఉండు, అటూ ఇటూ పోకు" అన్నాడు పొడుగాయన.

"ఎక్కడికి పోతానురా" అంది.

బట్టీ మూతబడి చాలా కాలమైంది. పొగగొట్టం సగం విరిగి నిలబడి ఉంది. రోడ్డు పక్కన నీళ్ళ కుళాయి, దాని వెనక ఇటుకల గోడ, గోడ వెనక గుంత. గుంత నిండా నీళ్ళు, ఎర్రగా, కదలిక లేకుండా, ఆకాశాన్ని కూడా చూపించకుండా. ఒక్క పక్షి కూత లేదు. ఆమె అంచుదాకా వెళ్ళి చూసింది. పిలుద్దామనుకుంది. ఆ పేరు నోటితో అని ఎన్నేళ్ళయిందో, మొదటిసారి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. రెండోసారి వచ్చింది. మూడోసారి గట్టిగా వచ్చింది. నీళ్ళు విన్నట్టే ఉన్నాయి.

గట్టు మీద ఎక్కడ చూసినా చెత్త. పోయేవాళ్ళు పారేసిన సీసాలు, కాగితాలు, ఇటుక పెళ్ళలు, ఎండుటాకులు. ఇలాంటి చోట పిల్ల ఇన్నాళ్ళు. ఆమెకి ఒళ్ళు మండింది. చుట్టూ పెరిగిన కలుపుమొక్కల ఎండుపుల్లలు గుప్పెడు పీకింది. ఉతికిన తలగుడ్డ పర్రున చింపి, పీలికతో బిగించి కట్టింది. మోకాళ్ళ మీదికి దిగింది.

పొడుగాయన బంకులో వరస పెద్దదై ఆలస్యంగా వచ్చాడు. వెలుతురు ఇంకా కాస్త ఉంది. హారను కొట్టాడు. "పిన్నీ, చూసింది చాలు, రా!" పలకలేదు. గోడ వెనక్కి వెళ్ళి చూస్తే ఇటుకలకి చేరగిలబడి కూర్చుని ఉంది, జుట్టు గాలికి ఎగురుతోంది. కాళ్ళు చాపుకుని, గుంతవైపు తిరిగి, కూర్చుంటే లేవలేనని రోజూ అనే మనిషి సుఖంగా కూర్చుని ఉంది. కునుకు పట్టిందనుకున్నాడు. భుజం మీద చెయ్యి వేశాక కానీ తెలియలేదు.

మర్నాడు కూతురూ అల్లుడూ జరగాల్సినవన్నీ జరిపించారు. పొడుగాయన గేటు దగ్గర కూలబడి, ఎక్కడ దింపాడో, ఏమన్నదో, ఎలా కనబడిందో చెప్పుకుంటూ ఏడ్చాడు. "ఐదోది చూస్తానంది పెద్దాయనా. తమాషా అనుకున్నాను." పంక్చరాయన వింటున్నాడు. వింటూ వింటూ చేతిలోని ట్యూబు కింద పెట్టాడు. శాలువా ఏ రంగని ఎందుకడిగిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. గోడకి ఆనుకుని, తల మీదికి ఏదో లాక్కోబోతున్నట్టు రెండు చేతులూ ఎత్తి, అలాగే దించేశాడు.

ఆ మధ్యాహ్నం ఆయన ఇంక పని ముట్టలేదు. నడుచుకుంటూ బట్టీ దాకా వెళ్ళాడు, పారిపోయి వచ్చాక మళ్ళీ అటు వెళ్ళడం అదే మొదలు. గుంత అంచున నేల ఇద్దరు పక్కపక్కన కూర్చోడానికి సరిపడా శుభ్రంగా ఊడ్చి ఉంది. ఆయన దాని మీద అడుగు పెట్టలేక బయటే నిలబడిపోయాడు. ఊడ్చిన మేర చివర, గుడ్డపీలికతో గట్టిగా బిగించి కట్టిన గుప్పెడు ఎండుపుల్లల చీపురు, కొసలు నీళ్ళవైపుకి పెట్టి, ఎర్రమట్టి అంటుకుని, ఆరి, పడి ఉంది.